తక్కువ ఖర్చు పడకగదికి ముందు గోడ చూడాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

'తక్కువ ఖర్చుతో పడకగది అలంకరణ' అంటూ ఆదివారం అనుబంధాల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. రావలసినవే. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, ఒక కిటికీ, తలుపు మీద ఒక సజ్జ, గోడకు మేకు కొట్టనివ్వని యజమాని. మన పట్టణాల్లో అద్దెకుండే చాలామందికి పడకగది అంటే ఇదే. కానీ ఆ వ్యాసాల్లో ఫొటోలుంటాయి, కొలతలుండవు. ఏ గోడ మీద ఏది నిలుస్తుందో, ఏది ఊడిపోతుందో ఉండదు. చదివినవాళ్ళు ముచ్చటపడి మొదలుపెడతారు, వానలు వెళ్ళేసరికి సగం సరుకు మంచం కింద చేరుతుంది. కుట్టుపని, ఇంటి అలంకరణ నేర్పేవాళ్ళం గనుక మాకు తెలిసినంత వరకు కొలతలతో సహా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది, మన్నించగలరు.

చేతిలో మూడు వేలున్నాయనుకుందాం. అందులో సగం గోడకూ దీపానికీ పోవాలి. మిగతా సగం రాడ్లు, లైనింగు గుడ్డ, దారం, కుట్టుకూలి. తెరలకూ దుప్పటికీ కావలసిన అసలు గుడ్డ మీద ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర్లేదు, అది బీరువాలోనే ఉంది. వ్యాసాల్లో మాత్రం వరస తలకిందులుగా ఉంటుంది. ముందు స్టిక్కర్లు, తరవాత రంగుల లైట్లు, ఆ తరవాత కుషన్లు. గోడ సంగతి ఎవరూ ఎత్తరు.

గోడకు చెమ్మ ఉందో లేదో తేల్చుకోకుండా దాని మీద ఏదీ అతికించకూడదు. పరీక్ష చాలా తేలిక. అడుగు పొడుగు, అడుగు వెడల్పు ఉన్న పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపు వేసి ఒక రోజంతా వదిలేయాలి. విప్పి చూస్తే గోడవైపు నీటి బొట్లుంటే తేమ గోడలోంచి వస్తోందని అర్థం. గదివైపు పైన మాత్రమే తడి ఉంటే అది గదిలోని గాలిలో తేమ, కిటికీ తెరిచి ఫ్యాను తిప్పితే సరిపోతుంది. ఈ పరీక్ష మూడుచోట్ల చేయాలి. నేల నుంచి అడుగు ఎత్తులో ఒకటి, బాత్రూమును ఆనుకున్న గోడ మీద ఒకటి, కిటికీ కింద ఒకటి. నేలనుంచి రెండు మూడడుగుల దాకా పెయింటు బుడగలు కట్టి, గోరు తగిలితే తెల్లటి పొడి రాలుతుంటే ఇక పరీక్ష కూడా అనవసరం. అది నేలలోంచి పైకెక్కే తేమ, ఆ పొడి గోడలోని ఉప్పు.

ఇక్కడ అందరూ చేసే పని, ఆ ఉప్పును తడిగుడ్డతో తుడిచేయడం. అలా తుడిస్తే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది, వారంలో తిరిగి పైకొస్తుంది. పొడి బ్రష్షుతో రాల్చి, కింద పరచిన కాగితంతో ఎత్తి బయట పారేయాలి. రెండో పొరపాటు, మచ్చ కనబడకుండా ఎనామిల్ పెయింటు కొట్టడం. గోడలోని తేమకు బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. అప్పుడది పెయింటునైనా పొంగిస్తుంది, లేదా ఇంకో అడుగు పైకెక్కి అక్కడ బయటపడుతుంది. అద్దె ఇంట్లో పునాది దగ్గర మరమ్మతు మన చేతిలో ఉండదు. చేతిలో ఉన్నది సున్నం.

సున్నం పేదవాళ్ళ పూత అన్న చిన్నచూపు పోవాలి. తేమను లోపల బంధించకుండా బయటికి వదిలే పూతల్లో అంత చవకైనది మరొకటి లేదు. రాతి సున్నం అయితే కిలోకు అయిదు లీటర్ల నీళ్ళు. ఇనప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నపు గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. కుతకుత ఉడుకుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లలు దగ్గర ఉండకూడదు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కంట్లో సున్నం పడితే ఆగకుండా నీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి పరుగెత్తాలి. పొడి రూపంలో ప్యాకెట్లలో వచ్చే సున్నానికి ఈ ఉడుకు ఉండదు, నానబెడితే చాలు, కళ్ళ జాగ్రత్త మాత్రం దానికీ ఉంది. ఏదైనా ఒక రోజు నానాక పల్చటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే నలుసులు కుంచెకు తగిలి గీతలు పడతాయి. వేడినీళ్ళలో కరిగించిన తుమ్మజిగురు కొద్దిగా కలిపితే పూత చేతికి అంటదు. నీలిమందు చిటికెడు, అదీ ఆఖరి పూతలోనే.

వేసేముందు గోడను కొంచెం తడపాలి. మొదటి పూత నిలువుగా, అది పూర్తిగా ఆరాక రెండోది అడ్డంగా, కావాలంటే మూడోది మళ్ళీ నిలువుగా. వేసిన వెంటనే సున్నం నీళ్ళలా కనబడుతుంది, గోడ మచ్చలన్నీ అలాగే తేలి ఉంటాయి. ఇదేమీ పట్టలేదనుకుని బకెట్లో ఇంకాస్త సున్నం కలిపి చిక్కగా పూసేస్తారు. పండగ సున్నాలు సంక్రాంతికి వేస్తే శివరాత్రికి పెచ్చులుగా రాలేది అందుకే. ఆరేకొద్దీ తెల్లబడటం సున్నం లక్షణం, ఒక పూట ఓపిక పట్టాలి.

రంగు కావాలనుకుంటే సున్నంలో నిలిచేవి మట్టి రంగులే. తెలంగాణలో జాజు అనీ, ఇటు ఆంధ్రలో ఎర్రమన్ను అనీ అనేది బ్రహ్మాండంగా పనికొస్తుంది. కిలో సున్నానికి 50 గ్రాములతో మొదలుపెట్టి, 100 గ్రాములు దాటకుండా ఆగాలి. దాటితే రంగు గోడకు పట్టక చొక్కాకు అంటుతుంది. పచ్చగా ఉండాలని వంటింటి పసుపు కలిపేవాళ్ళు కూడా ఉన్నారు. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుందని పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళకు వేరే చెప్పాలా? గోడ ముందు ఎర్రబడుతుంది, తరవాత వెలుతురుకు వెలిసిపోతుంది.

ఒక షరతు ఉంది. ఇప్పటికే ఎమల్షన్ (నీళ్ళలో కలిపి వేసే ప్లాస్టిక్ పెయింటు) గానీ ఆయిల్ పెయింటు గానీ ఉన్న గోడ మీద సున్నం నిలవదు. తడివేలితో గోడను గట్టిగా రుద్దండి. వేలికి రంగుపొడి అంటితే అది సున్నమో పాత డిస్టెంపరో. సున్నమైతే మళ్ళీ సున్నం వేసుకోవచ్చు, డిస్టెంపరైతే ముందు దాన్ని గీకేయాలి. ఏమీ అంటకపోతే ఎమల్షన్. ఆ గోడలో చెమ్మ లేకపోతే ఎమల్షనే మళ్ళీ వేయాలి. పదడుగుల గోడ ఒక్కదానికి రెండు పూతలకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు పడుతుంది. నాలుగు గోడలకూ వేసే స్తోమత లేకపోతే మంచానికి ఎదురుగా ఉన్న గోడకు వేయండి. తలవైపు గోడ వేసుకుంటే అది గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు కనబడుతుంది గానీ పడుకున్నవాళ్ళకు కనబడదు.

ఇటుక గోడలా కనబడే మెత్తటి ఫోమ్ స్టిక్కర్లు ఇప్పుడు ప్రతి బజారులో దొరుకుతున్నాయి. చెమ్మ గోడకు ఇవి వేస్తే వెనక నల్లటి బూజు పడుతుంది. పైకేమీ కనబడదు, గదిలో ముక్కిపోయిన వాసన మాత్రం వస్తుంది. పొడి గోడకైనా, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు స్టిక్కరుతోబాటు పెయింటూ పుట్టీ ఊడొస్తాయి, అడ్వాన్సులోంచి కోత పడుతుంది. సున్నపు గోడకు అతికించే కొక్కేలు కూడా ఇంతే. జిగురు గట్టిదే, దాని కింద సున్నమే ఊడొస్తుంది. పైకప్పుకు థర్మకోల్ పలకలు అతికించడం మాత్రం ఎంత చవకైనా మేం ఎవరికీ చెప్పం. నిప్పు తగిలితే అది కరిగి మండుతూ మీద పడుతుంది.

గోడ మీద చేతిపని కావాలంటే చుక్కల ముగ్గు ఉంది. పాత ఎక్స్‌రే ఫిల్ము అచ్చుగా బాగా పనికొస్తుంది, తడికి మెత్తబడదు, అంచు పదునుగా తెగుతుంది. పది అంగుళాల పొడుగు, ఆరంగుళాల వెడల్పు ముక్క తీసుకుని, రెండంగుళాల ఎడంతో చుక్కలు పెట్టి, ముగ్గు గీసి, పేపరు కట్టర్‌తో కోయాలి. గీతలన్నీ కోసేస్తే మధ్య ముక్కలు ఊడి పడిపోతాయి, అక్కడక్కడ పావు అంగుళం కోయకుండా వంతెనలు వదలాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తులో గోడ పొడవునా సుద్దతాడు కొట్టి, ఆ గీతకు అచ్చు ఆనించుకుంటూ పోవాలి. మూల నుంచి మొదలుపెట్టకూడదు. గోడ నడిమధ్య నుంచి రెండుపక్కలకూ వెళితే, మూలల్లో తెగిపోయే ముగ్గు రెండువైపులా ఒకేలా తెగుతుంది. తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ (సీసాల్లో దొరికే చిక్కటి రంగు) కలుపుకోవచ్చు, లీటరుకు 30 మిల్లీలీటర్లకు లోపు. ఎక్కువైతే సరిగా ఆరదు. కుంచెతో పూస్తే రంగు అచ్చు కిందికి పాకి ముగ్గు చెదురుతుంది. స్పాంజి ముక్కను రంగులో అద్ది, పాత పేపరు మీద రెండుసార్లు ఒత్తి, దాదాపు పొడిగా అయ్యాక గోడకు తట్టాలి. ఈ పని ఎమల్షన్ గోడకే చేయండి. సున్నపు గోడ మీద అంచులు నిలవవు.

ఇక దీపం. మన పడకగదుల్లో ట్యూబులైట్లు చాలావరకు 6500 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత) రకం, ఆసుపత్రి వరండా వెలుతురు. ఎంత ఖర్చుపెట్టి అలంకరించినా ఆ నీలి తెలుపులో అన్నీ పాలిపోయే కనబడతాయి. పెట్టె మీద 'వార్మ్ వైట్' అనీ 2700 లేదా 3000 కెల్విన్ అనీ ఉన్న 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి మంచం పక్కన పెడితే చాలు, గదికి వచ్చే మార్పు ఏ స్టిక్కరుతోనూ రాదు. ట్యూబును పీకేయకండి, బట్టలు మడతపెట్టడానికి, పోయిన చెవిపోగు వెతకడానికి అదే కావాలి.

దానికి షేడు వెదురు బుట్టే. పన్నెండు అంగుళాల మూతి ఉన్న బుట్టను బోర్లించి, అడుగున మధ్యలో హోల్డరు పట్టేంత కన్నం చేసి, ఆ 9 వాట్ల ఎల్‌ఈడీ బిగించాలి. బల్బుకూ బుట్ట అంచుకూ మధ్య కనీసం మూడంగుళాలు ఉండాలి. పాత ఫిలమెంటు బల్బు దీనిలో పెట్టనే పెట్టకూడదు, ఆ వేడికి వెదురు మాడుతుంది. ఎల్‌ఈడీకి అల్లిక సందులు మంచి చేస్తాయి. మూసేసిన డబ్బాలో పెట్టిన ఎల్‌ఈడీ తన వేడికి తనే త్వరగా పోతుంది. బుట్ట బరువు తీగ మీద పడకూడదు, సన్నటి గొలుసో నవారు తాడో వేసి దాని మీద వేలాడదీయాలి. తీగను హోల్డరు మూతలో ముడివేసి ఉంచితే పొరపాటున ఎవరైనా లాగినా స్క్రూల దగ్గర ఊడదు. తీగ అతుకులు లేకుండా ఒకే ముక్కగా ఉండాలి, కనెక్షన్ ఇచ్చేటప్పుడు మెయిన్ కట్టేయాలి, చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కొనేటప్పుడు బుట్టను కాగితం మీద తట్టి చూడండి. పిండిలా పొడి రాలితే లోపల పురుగుందన్నమాట, ఎంత అందంగా ఉన్నా తేవద్దు.

దీన్ని ఎక్కడ వేలాడదీయాలన్నది ఫ్యాను నిర్ణయిస్తుంది. 48 అంగుళాల ఫ్యాను మధ్య నుంచి రెండడుగుల దాకా తిరుగుతుంది. పదడుగుల గదిలో రెక్క చివర నుంచి గోడకు మూడడుగులు మిగులుతాయి. దీపం గోడ నుంచి అడుగు దూరంలో, పరుపు మట్టానికి రెండడుగుల పైన ఉంటే గాలికి ఊగినా రెక్కకు అందదు, చదువుకోవడానికీ సరిపోతుంది. రెక్కల కంటే పైన దీపం పెడితే నీడ టకటకా కొట్టుకుంటూ తలనొప్పి తెస్తుంది. మంచం మీద పందిరిలా గుడ్డలు వేలాడదీసే ఫొటోలు చూసి ముచ్చటపడేవాళ్ళు కూడా ముందు తలపైకెత్తి ఫ్యాను చూడాలి. ఆ ఫొటోల్లో ఫ్యాను ఉండదు.

తెరల దగ్గర కాస్త ఆగాలి, గదికి రూపం తెచ్చేవి అవే. పాత నూలు చీరకు మించిన తెరగుడ్డ లేదు. ఎన్నో ఉతుకులు అయ్యుంటుంది కనుక ఇక కుంచించుకోదు, రంగు దిగదు, వెలుతురును మెత్తగా వడకడుతుంది. మంగళగిరి, వెంకటగిరి, పొందూరు, ఏదైనా సరే. పట్టుచీర వద్దు. కిటికీ ఎండకు పట్టు పోగు పెళుసెక్కి, మడతల వెంట దానంతటదే చీలుతుంది. నూలు చీరలో కూడా కుచ్చిళ్ళ భాగం, ఫాల్ కుట్టిన అంచు ముందుగా నలుగుతాయి. ఫాల్ విప్పేసి చీరను ఎండకెదురుగా పట్టి చూడండి. నేత పల్చబడిన చోటు తెలిసిపోతుంది. రెండు చేతులతో అడ్డంగా లాగితే చర్రుమంటే ఆ ముక్కను పక్కన పెట్టాలి.

నాలుగడుగుల కిటికీకి లెక్క ఇది. చీర పొడుగు అయిదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు, పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాల చుట్టూ. కిటికీకి పైన ఆరంగుళాలు, కింద తొమ్మిది అంగుళాలు కలుపుకుంటే తెర నిడివి 63. పైన రాడ్డు గొట్టానికి మూడు, కింద మడతకు నాలుగు కలిపితే ముక్క 70. ఒక చీరకు సరిగ్గా మూడు ముక్కలు, ఆరంగుళాలు మిగులు. మూడు పన్నాలు కలిస్తే 135 అంగుళాలు. రాడ్డు అటూ ఇటూ ఆరంగుళాలు ఎక్కువగా 60 పెడతాం కాబట్టి, గుడ్డ రాడ్డుకు రెండింతల పైచిలుకు. తెర మడతలు మడతలుగా దిగడానికి కావలసింది ఈ రెండింతలే. ఒకటిన్నర రెట్లకు తగ్గితే తెర కాదు, ఆరేసిన దుప్పటి. చీరలన్నీ ఒకే నిడివి ఉండవు కనుక కత్తెర పట్టేముందు టేపు పెట్టి చూసుకోవాలి. చాలకపోతే కిందికి తొమ్మిది బదులు ఆరు పెట్టుకోండి.

తెర రెండుగా విడిపోవాలంటే మూడో ముక్కను నిలువునా రెండుగా చీల్చి, చెరో పన్నాకు ఒక సగం కలపాలి. కోసిన పక్కను కుట్టులోకి పంపితే చీర అంచు బయటికి వస్తుంది, పక్కల మడత కుట్టే పని తప్పుతుంది. ముక్కలు కోసేటప్పుడు స్కేలు నమ్మొద్దు. కోయవలసిన చోట పేక పోగు (అడ్డపోగు) ఒకటి సూదితో ఎత్తి లాగితే సన్నటి గీత పడుతుంది, దాని వెంటే కత్తెర పోవాలి. అలా చేయని తెర వేలాడదీశాక ఒక మూల కిందికి జారుతుంది, ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా సరికాదు. అంగుళం మందం రాడ్డుకు గొట్టం రెండున్నర అంగుళాలు ఉండాలి. రెండంగుళాలు పెడితే ఎక్కుతుంది గానీ లాగినప్పుడల్లా పట్టేస్తుంది, పట్టినప్పుడు లాగితే పాత గుడ్డ చిరుగుతుంది.

పడమటి కిటికీ అయితే వెనక తెల్ల లైనింగు వేయక తప్పదు. అది లేకపోతే ఎండంతా చీర మీదే పడి ఒకటి రెండు వేసవుల్లో జీర్ణిస్తుంది. లైనింగు గుడ్డ కొత్తది కాబట్టి ముందు ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కోయాలి. లేకుంటే మొదటి ఉతుకులో అది కుంచించుకుని పైతెరను పైకి గుంజుతుంది. రాడ్డు ఖర్చు తగ్గించాలని కరెంటు పనికి వాడే పీవీసీ గొట్టం పెడతారు. నాలుగడుగుల వరకూ అంగుళం గొట్టం ఓర్చుకుంటుంది. అది దాటితే మధ్యలో ఒక కొక్కెం ఆసరా ఇవ్వాలి.

గుమ్మం తెరకు చీరలో 91 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి, 34 అంగుళాల కొంగు మిగులుతుంది. దాన్ని పొడుగునా రెండు చేస్తే 17 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల నిడివి ఉన్న రెండు ముక్కలు. 16 అంగుళాల కుషన్‌కు గలీబు కావాలంటే నిడివి 38 చాలు, వెనక నాలుగంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు మడిస్తే జిప్పు అవసరం లేదు.

సజ్జ సంగతి అలంకరణ వ్యాసాల్లో ఎప్పుడూ కనబడదు. అక్కడ ట్రంకు పెట్టెలు, బొమ్మల కొలువు సామాను, పాత ఫ్యాను అట్టపెట్టె, అన్నీ మంచం మీద పడుకుంటే కళ్ళెదురుగా ఉంటాయి. గోడలకు ఎంత చేసినా ఇది కప్పకపోతే గది గోదాములాగే ఉంటుంది. కర్టెన్ స్ప్రింగు తీగ, రెండు చివర్లా కొక్కేలు, గోడ రంగుకు దగ్గరగా ఉండే సాదా గుడ్డ చాలు. తీగను సజ్జ వెడల్పుకంటే పదోవంతు తక్కువ కోయాలి, సాగి బిగుసుకోవాలి కదా. అయిదడుగులు దాటితే మధ్యలో ఇంకో కొక్కెం. పూల గుడ్డ వేయొద్దు, కప్పాలనుకున్నదాన్నే అందరూ చూస్తారు.

మంచం మీదికి బొంత. అవ్వలనాటి పాత పనే, ఇప్పుడు పెద్ద దుకాణాల్లో అద్దాల వెనక పెట్టి అమ్ముతున్నారు. ఒక్కరి మంచానికి రెండు నూలు చీరలు కావాలి. ఒక్కోదాన్ని నిడివికి సగం మడిస్తే 45 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడుగున రెండు పొరలు. రెండు చీరలకు నాలుగు పొరలు, బరువు దాదాపు కిలో. నాలుగుకు మించితే తడిసినప్పుడు పిండలేం, వానాకాలం లోపలి పొర ఆరక వాసన పడుతుంది. ఇద్దరి మంచానికి నాలుగు చీరలు తీసుకుని, రెండేసి పన్నాలు పక్కపక్కన కలపాలి. సింథటిక్ చీర లోపల కూడా వద్దు. సూది కింద జారుతుంది, చెమట పీల్చదు. కొత్త గుడ్డ, పాత గుడ్డ కలపకూడదు. ఉతికాక కొత్తది కుంచించుకుని బొంతంతా ముడతలు పడుతుంది.

పొరలు పరవడానికి మంచం పనికిరాదు, నేల మీదే. ఒక్కో పొర పరిచినప్పుడల్లా మధ్య నుంచి అంచులకు అరచేత్తో సవరించి, నాలుగు పక్కలా బరువులు పెట్టాలి. ఆ తరవాత జానెడు జానెడు దూరంలో కచ్చా కుట్టు. ఈ కుట్టు బద్ధకించినవాళ్ళ బొంతలు ఇట్టే తెలుస్తాయి, ఒక మూల ఉబ్బి ఇంకో మూల పల్చగా ఉంటుంది. అసలు కుట్టు నడిమధ్య వరస నుంచి మొదలై రెండు అంచులకూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా తోసుకుంటూ వెళ్ళి అవతలి అంచున సంచిలా తేలుతుంది. వరసకూ వరసకూ అంగుళంన్నర ఎడం. ఆ లెక్కన 45 అంగుళాల వెడల్పుకు ముప్ఫై వరసలు. పొడుగు 90 అంగుళాలకు తగ్గించుకున్న బొంతకు రెండు పేటల దారం సుమారు 160 మీటర్లు పడుతుంది, కాస్త ఎక్కువే కొనుక్కోండి, మధ్యలో అయిపోతే అదే రంగు మళ్ళీ దొరకదు. సూదికి ఒక బార కంటే ఎక్కువ దారం ఎక్కించొద్దు, చిక్కుపడుతుంది. ముడి పైకి కనబడకుండా పొరల మధ్యకు లాగేయాలి. పైపొరకు ముదురు రంగు చీర, ఒంటికి తగిలే పొరకు బాగా నలిగిన మెత్తటి చీర వేస్తే బాగుంటుంది. కుట్లు వంకరపోయినా ఫరవాలేదు, బొంతకు ఆ వంకరే అందం.

నేల మీదికి మాత్రం కొనుక్కోవడం మంచిదని మా ఉద్దేశం. వరంగల్ కొత్తవాడ జంపఖానా, మూడడుగుల వెడల్పు, అయిదడుగుల పొడుగు, మంచం పక్కన ఒకటి పరిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నున్నటి టైల్సు మీద జారుతుంది కాబట్టి కింద రబ్బరు జాలీ వేయాలి, ముఖ్యంగా రాత్రిళ్ళు లేచే పెద్దవాళ్ళున్న ఇంట్లో.

ఇంకొన్ని జాగ్రత్తలు. మంచం తలవైపు గోడ మీద సామాను అర (షెల్ఫు) గానీ బరువైన పటం గానీ వద్దు. డ్రిల్లింగుకు ఒప్పుకునే యజమాని దొరికితే, స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా పక్కలా కన్నం వేయకండి, గోడలో తీగలు అటే పోతాయి. సీసాలో మనీప్లాంటు పెడితే నాలుగైదు రోజులకోసారి నీళ్ళు పారబోసి సీసా లోపల రుద్ది కడగాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పదిరోజులు చాలు. చిన్న చిన్న రంగు బల్బుల తీగలు దోమతెరకు చుట్టడం ఇప్పుడొక సరదా అయింది. దోమతెర నైలాను, లోపల నిద్రపోతున్నది మనుషులు.

తమకు మా మనవి ఒక్కటే. ఇటువంటి వ్యాసం వేసేటప్పుడు పక్కన చిన్న పెట్టెలో ఏ రకం గోడకు పనికొస్తుందో, ఎంత గుడ్డ పడుతుందో, ఎంత ఖర్చవుతుందో వేయండి. ఫొటో ఒకటి తగ్గినా పాఠకులు ఏమీ అనుకోరు. వీలైతే రెండు విడతలుగా వేయండి. చెమ్మ పరీక్ష, గోడ మరమ్మతు వానలు పడుతున్న శ్రావణంలో, సున్నాలు, తెరలు, బొంతలు సంక్రాంతికి నెల ముందు.

ఇట్లు,
కుట్టుపని, ఇంటి అలంకరణ నేర్పే ఇద్దరు పాఠకులు,
తెనాలి.